ఖైదీల చదువు – అధికారి చేతిలో ఉన్న మేలు

బద్ర్ యుద్ధం (హిజ్రీ 2, క్రీ.శ. 624) తర్వాత సుమారు 70 మంది మక్కావాసులు మదీనాలో బందీలయ్యారు. సొమ్ము కట్టగలిగినవారు కట్టి వెళ్లారు. సొమ్ము లేకపోయినా చదువు వచ్చినవారికి దైవప్రవక్త (స) మరో దారి చూపారని చరిత్రకారులు రాశారు: మదీనా పిల్లలు పదిమందికి చదవడం, రాయడం నేర్పితే విడుదల. నిన్న కత్తి పట్టి వచ్చినవాణ్ణి పిల్లల ముందు గురువుగా కూర్చోబెట్టడం చిన్న నిర్ణయం కాదు. బందీ దగ్గర కూడా నలుగురికి పనికొచ్చేది ఉంటుందని నమ్మినవారే ఆ పని చేయగలరు.

జైలు అధికారి దయ అంటే ఈ నమ్మకమే. పండుగనాడు మంచి భోజనం పెట్టించడం కూడా దయే, కాదనను. కానీ అది ఆ పూటకే.

1993లో తీహార్ జైలు బాధ్యత తీసుకున్న కిరణ్ బేడీ చదువు వచ్చిన ఖైదీల చేత రానివారికి పాఠాలు చెప్పించారు. తెలంగాణ జైళ్లశాఖకు వి.కె. సింగ్ అధిపతిగా ఉన్న కాలంలో వేలిముద్రతో లోపలికి వచ్చినవాడు సంతకంతో బయటికి వెళ్లాలని పట్టుబట్టారు. కేంద్ర కారాగారాల్లో అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ద్వారా డిగ్రీ చదివినవారూ ఉన్నారు.

మన మార్కాపురం, గిద్దలూరు సబ్‌జైళ్ల సంగతి వేరు. ఇలాంటి చోట ఉండేది ఎక్కువగా విచారణ ఖైదీలు. బెయిలు రాగానే వెళ్లిపోతారు. డిగ్రీ మాట అక్కడ కుదరదు. నెల రోజుల్లో ఏం నేర్పగలం అన్నదే ప్రశ్న. పెద్దవాళ్లకు అ, ఆలతో మొదలుపెడితే చిన్నతనంగా ఉంటుంది. సొంత పేరుతో మొదలుపెట్టాలి. మౌలాలికి మూడక్షరాలు చాలు. మస్తాన్‌కు ఒత్తు ఉంది, మరో రెండు రోజులు పడుతుంది. తర్వాత ఊరి పేరు, బస్సు బోర్డు, వాయిదా తేదీ. ఏ కాగితం మీద సంతకం పెడుతున్నాడో కూడబలుక్కుని చదవగలిగితే అతని కేసుకే మేలు.

ఇందుకు అధికారి ఖర్చు పెట్టవలసింది ఏమీ లేదు. రోజూ ఒక గంట, వెలుతురున్న చోటు, చదువు వచ్చిన ఖైదీకి నేర్పే బాధ్యత, వార్డర్లు ఎగతాళి చేయకుండా ఒక మాట. చిక్కల్లా బదిలీతోనే. మంచి అధికారి వెళ్లగానే తరగతి ఆగిపోతుంది. అందుకే మన సంఘం లిఖితపూర్వకంగా అనుమతి తీసుకుని, వారానికి రెండు రోజులు ఒక విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి పంపితే, కొత్త అధికారి వచ్చేసరికి అది నడుస్తున్న పనిగా కనిపిస్తుంది.

పలకల ఊళ్లో ఉన్నాం కాబట్టి ముందు పలకలే గుర్తొస్తాయి. రాతిపలక పగిలితే అంచు పదును. భద్రత కోసం వద్దంటే నొచ్చుకోకుండా నోటుపుస్తకాలు ఇద్దాం. జైల్లో అన్ని మతాలవారూ ఉంటారు. జకాత్ సొమ్ము ఇందుకు వాడవచ్చా అన్నది ఉలమాలను అడగాలి. సదఖాకు ఆ సందేహం లేదు. విడుదలయ్యే రోజు ఆ నోటుపుస్తకం వెంట తీసుకెళ్లనివ్వమని అధికారిని కోరాలి. మిగిలిన అక్షరాలు ఇంట్లో బడికెళ్లే పిల్లలు నేర్పుతారు.