మన నోట్లో రెండు బాసలు

"మీ చిత్తూరోళ్ల తెలుగు సగం అరవమే గదమ్మా!" అని కోస్తా నుంచి వచ్చిన తోటికోడలు నలుగురిలో నవ్వితే మనసు చివుక్కుమనకుండా ఉంటుందా అక్కా? హైదరాబాదు హాస్టల్లో చేరిన పిల్లకైనా, విజయవాడకు కోడలుగా పోయిన పిల్లకైనా ఊరేదో ముందు బయటపెట్టేది నోరే. అందుకే ఈసారి మీకోసం ఒక మంచి ముచ్చట ఏరుకొచ్చినా. ఇది ఇరుగమ్మ పొరుగమ్మకు చెప్పింది కాదు, నరాల డాక్టర్లు ఏళ్ల తరబడి రోగులను చూసి లెక్క తేల్చింది.

హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె బృందం డిమెన్షియాతో వచ్చిన 648 మంది వివరాలు పరిశీలించారు. అదేనండీ, వయసు మీద పడ్డాక జ్ఞాపకాన్నీ తెలివినీ కొద్దికొద్దిగా తినేసే జబ్బు. ఆ 648 మందిలో 391 మందికి రెండు భాషలో, అంతకన్నా ఎక్కువో వచ్చు. 2013లో 'న్యూరాలజీ' పత్రికలో అచ్చయిన ఫలితం చూడండి. ఒకే భాష వచ్చినవాళ్లలో జబ్బు సగటున 61 ఏళ్లకు బయటపడితే, రెండు వచ్చినవాళ్లలో 65 దాటాక బయటపడింది. నాలుగున్నరేళ్ల తేడా! మూడోది, నాలుగోది నేర్చినందుకు అదనంగా కలిసొచ్చిందేమీ లేదు. రెండు చాలు.

"అదంతా చదువుకున్నోళ్ల మహిమేమో" అంటారా? బడి మొహం చూడనివాళ్లను విడిగా తీసి చూసినా ఆ తేడా నిలిచింది. అంతకుముందు కెనడాలోనూ ఇట్లాంటి ఫలితమే వచ్చింది. కానీ అక్కడ రెండు భాషలవాళ్లలో చాలామంది బయటి దేశాల నుంచి వలసపోయినవాళ్లు. కనుక అది భాష గొప్పో, వలస గొప్పో తేలలేదు. హైదరాబాదులో ఆ పేచీ లేదు. అక్కడే పుట్టి, ఇంట్లో ఒకటీ వీధిలో ఒకటీ మాట్లాడుతూ పెరిగినవాళ్లే కదా.

మరి మనకాడ? 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఎక్కువ తాలూకాలు ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చినవే. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది. గీత గీసినంత మాత్రాన చుట్టరికాలు తెగుతాయా? నగరి, సత్యవేడు వైపు ఇంటికొక తమిళ బంధువు. పలమనేరు, కుప్పం దిక్కు కన్నడం. మదనపల్లెలో ఉర్దూ.

తిరుచానూరు గుడి వీధిలో పూలమ్మే అక్క దగ్గర రొంతసేపు నిలబడి చూడండి. "వాంగమ్మా, ఒరు మొళం ఇరుబదు రూవా" అని ఈరోడు నుంచి వచ్చిన ఆమెను పిలుస్తుంది. ఆ తల్లి సంచిలో చిల్లర వెతుక్కునేలోగా ఇటు తిరిగి "మూర ఇరవై చెల్లీ, తీసుకో, కదంబం ఈరోజుదే" అంటుంది. మోచేతి నుంచి వేలికొసదాకా దండ కొలిచే చెయ్యి మాత్రం ఆగదు. మనిషి కట్టూబొట్టూ చూసి ఏ భాష ఎత్తుకోవాలో తేల్చుకోవడానికి ఆమెకు రెప్పపాటు చాలు.

ఆ రెప్పపాటులో తలలో పెద్ద పనే జరుగుతుంది. రెండు భాషలు వచ్చినవాళ్లు ఒకటి మాట్లాడుతున్నప్పుడు రెండోది నిద్రపోదు. రెండింటి మాటలూ నోటిదాకా పోటీ పడి వస్తాయి. కావలసినదాన్ని బయటికి వదిలి, అక్కర్లేనిదాన్ని లోపలే అణచాలి. ఇందులో ముఖ్యమైన పాత్ర నుదుటి వెనకుండే మెదడు భాగానిది. ధ్యాస చెదరకుండా ఉండటానికీ, ఒక పని వదిలి ఇంకో పని అందుకోవడానికీ అదే ఆధారం. జీవితమంతా ఇట్లా పనిచేసిన మెదడులో కొంత నిల్వ మిగులుతుందంటారు శాస్త్రవేత్తలు, మనం కష్టకాలానికని చీటీ కట్టుకున్నట్టు.

నిల్వ ఉన్నంత మాత్రాన జబ్బు రాదని కాదు సుమా. టొరంటోలో అల్జీమర్స్ రోగుల మెదళ్లకు స్కానింగ్ చేసి 2012లో ఒక సంగతి చెప్పారు. పైకి ఒక భాషవాళ్లూ రెండు భాషలవాళ్లూ ఒకే స్థితిలో కనబడుతున్నా, జ్ఞాపకానికి కీలకమైన భాగం రెండు భాషలవాళ్లలోనే ఎక్కువ కుంచించుకుపోయి ఉంది. అంటే లోపల అంత నష్టం జరిగినా మనిషి నెట్టుకొచ్చారన్నమాట. హైదరాబాదు బృందమే పక్షవాతం వచ్చిన 608 మందిని కూడా చూసింది. తర్వాత తెలివితేటలు మామూలుగా నిలిచినవాళ్లు రెండు భాషలవాళ్లలో నూటికి నలభై మంది, ఒక భాషవాళ్లలో ఇరవైకి లోపే. మాట పడిపోవడంలో మాత్రం ఇద్దరికీ తేడా లేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను ఏళ్లపాటు గమనిస్తూ వేరే దేశాల్లో చేసిన కొన్ని పరిశోధనల్లో ఇంత మేలు కనబడలేదు. కాబట్టి ఇదొక మందుబిళ్ల అనుకోవద్దు.

బీపీ, షుగరు అదుపులో పెట్టుకోవడం, చెవులు మందగిస్తే మిషను పెట్టించుకోవడం ఎట్లాగూ తప్పవు. డిమెన్షియాను పెంచేవాటిలో మనం సరిదిద్దుకోగలిగినవి 14 ఉన్నాయని 2024లో లాన్సెట్ నిపుణుల సంఘం చెప్పింది. వాటిలో ఇవీ ఉన్నాయి, మాట్లాడే దిక్కు లేని ఒంటరితనమూ ఉంది. తాళంచెవి యాడ పెట్టినామో మరిచిపోతే భయం లేదు. రోజూ పోయే అంగడి నుంచి ఇంటిదారి మరిచిపోతే మాత్రం "వయసైపోయిందిలే" అనొద్దు. తిరుపతి స్విమ్స్‌లో నరాల విభాగం ఉంది, చూపించండి.

నా బాధల్లా మన ఇళ్ల గురించే. పిల్లకు ఇంగ్లీషు చెడిపోతుందని "దానితో అరవం మాట్లాడొద్దమ్మా" అని అవ్వ నోరు మూయిస్తాం. ఊళ్లో పొద్దస్తమానం రెండు భాషల్లో వాగే మనిషిని బెంగుళూరు ఫ్లాటుకు తీసుకుపోయి టీవీ ముందు కూర్చోబెడతాం. ఇంగ్లీషు బడిలో ఎట్లాగూ వస్తుంది. అవ్వ భాష ఏ ట్యూషన్లో వస్తుంది? వాళ్లిద్దరినీ మాట్లాడుకోనిస్తే పిల్లకు పలకరించే మనిషి దొరుకుతుంది, అవ్వకు మాట్లాడే పని దొరుకుతుంది. మనవరాలికి ముందు తిట్లే వస్తాయంటారా? రానీండి. ఎవరు ఏ భాష నేర్చుకున్నా మొదలు పట్టుబడేవి అవే!