జర్మనీ నిరుద్యోగ భృతి తగాదా: బీమా హక్కు వేరు, అవసరానికి సాయం వేరు

 

మన ట్రస్టు విద్యార్థివేతనం అందుకుంటున్న పిల్లల్లో డిగ్రీ చివరి సంవత్సరం వారు, పోటీ పరీక్షలకు కూర్చునేవారు నన్ను తరచుగా ఒక ప్రశ్న అడుగుతుంటారు. ఐరోపా దేశాలు అంత ధనిక దేశాలు కదా, అక్కడ పింఛన్ల మీద, భృతుల మీద ఇంత గొడవ ఎందుకు? పేపర్లో ఒక రోజు ఊరేగింపుల వార్త, మరొక రోజు సైన్యానికి వేల కోట్ల కేటాయింపు, ఇంకొక రోజు బడ్జెట్టు దగ్గర తగాదా వచ్చి ప్రభుత్వమే కూలిందని వార్త. వీటికి ఒకదానితో ఒకటి సంబంధం ఏమిటి?

ఐరోపా మొత్తాన్ని ఒక్క పాఠంలో చెప్పలేను. అందుచేత జర్మనీ ఒక్కదాన్నే తీసుకుంటున్నాను. అక్కడ చదువుకుంటున్న విదేశీ విద్యార్థుల్లో ఇప్పుడు భారతీయులే ఎక్కువ. కాబట్టి ఈ విషయం పరీక్షకే కాక కొన్ని ఇళ్ళకు నేరుగా కూడా పనికివస్తుంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో తమిళమో మరాఠీయో ఒడియానో చదువుకునే పిల్లలను దృష్టిలో పెట్టుకొని పారిభాషిక పదాలు వీలైనంత తగ్గించాను.

బిస్మార్క్ నాటి పద్ధతి

కార్మికులకు దేశమంతటా నిర్బంధ సామాజిక బీమాను మొదట తెచ్చిన దేశం జర్మనీ. 1883లో ఆరోగ్య బీమా, 1884లో ప్రమాద బీమా, 1889లో వృద్ధాప్య, అంగవైకల్య పింఛను చట్టాలు ఛాన్సలర్ బిస్మార్క్ కాలంలో వచ్చాయి. ఆయనేమీ కార్మిక పక్షపాతి కాడు. సోషలిస్టుల సభలను, పత్రికలను, సంఘాలను 1878లో చట్టం చేసి అణచివేసినవాడూ ఆయనే. కార్మికులు సోషలిస్టుల వెంట పోకుండా రాజ్యాన్ని నమ్ముకోవాలన్నది ఆయన ఎత్తుగడ. నిరుద్యోగ బీమా మాత్రం చాలా ఆలస్యంగా, 1927లో వచ్చింది.

ఈ పద్ధతిలో కార్మికుడు కొంత, యజమాని కొంత నెలనెలా చందా కడతారు. పింఛను గాని, నిరుద్యోగ భృతి గాని జీతాన్ని బట్టి, కట్టిన చందాను బట్టి వస్తుంది. మన పి.ఎఫ్. గుర్తు చేసుకోండి. పి.ఎఫ్. డబ్బు తీసుకునేటప్పుడు నేను పేదవాణ్ణని ఎవరికీ నిరూపించనక్కర లేదు. అది నా డబ్బు. రేషను కార్డు అలా కాదు. దానికి ఆదాయం చూపాలి, అర్హత తేల్చుకోవాలి, అధికారి సరే అనాలి. మొదటిది బీమా, రెండవది అవసరానికి సాయం. రెండూ ప్రజల మేలుకే. అయినా వాటిని పుచ్చుకునే మనిషి తల ఎత్తుకునే తీరులో తేడా ఉంది. జర్మనీలో ఇరవై ఏళ్ళుగా సాగుతున్న వాదమంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతోంది.

ఒక తండ్రి గారు ఆ మధ్య కొడుకు జీతం చీటీ చూపించి, "ఇంత కోత ఏమిటండీ, వాణ్ణి మోసం చేస్తున్నారా?" అని కంగారు పడ్డారు. మోసం కాదు, అదే ఈ బీమా. పింఛను బీమాకు జీతంలో 18.6 శాతం, నిరుద్యోగ బీమాకు 2.6 శాతం వెళుతుంది. రెండింటిలోనూ సగం ఉద్యోగిది, సగం యజమానిది. ఆరోగ్య బీమా వేరు, దానికి ఇంకా ఎక్కువే అవుతుంది. గడచిన 30 నెలల్లో కనీసం 12 నెలలు చందా కట్టి ఉంటే, ఉద్యోగం పోయినప్పుడు చేతికొచ్చే జీతంలో 60 శాతం, పిల్లలుంటే 67 శాతం భృతిగా వస్తుంది. వీసా షరతులు వేరే విషయం, వాటిని విడిగా చూసుకోవాలి. భారత్, జర్మనీల మధ్య సామాజిక భద్రతా ఒప్పందం 2017 మే 1 నుంచి అమలులో ఉంది. పింఛను అర్హత కాలాన్ని లెక్కించేటప్పుడు అది అక్కరకు వస్తుంది. చీటీలు పారేయకుండా దాచమని పిల్లలకు చెప్పండి.

2005లో మారినదేమిటి

1990లో రెండు జర్మనీలు ఒకటయ్యాయి. తూర్పు ప్రాంతపు కర్మాగారాలు పోటీకి తట్టుకోలేక వరుసగా మూతపడ్డాయి. ఆ భారం పదేళ్ళు నడిచింది. 1999లో బ్రిటిష్ పత్రిక 'ది ఎకనామిస్ట్' జర్మనీని యూరో దేశాల్లో జబ్బు మనిషి అని రాసింది. 2002 నాటికి నిరుద్యోగులు 40 లక్షలు దాటారు. అప్పుడు ఛాన్సలరు గెర్హార్డ్ ష్రోడర్. ఆయనది కార్మికుల పార్టీగా పేరున్న సోషల్ డెమోక్రటిక్ పార్టీ. ఫోక్స్‌వాగన్ కంపెనీలో సిబ్బంది వ్యవహారాలు చూసే పీటర్ హార్ట్స్ అధ్యక్షతన ఒక సంఘం వేసి, దాని సలహాల ఆధారంగా నాలుగు చట్టాలు తెచ్చారు. 2003 మార్చి 14న పార్లమెంటులో ష్రోడర్ ప్రకటించిన 'అజెండా 2010' కార్యక్రమానికి ఇవే గుండెకాయ. నాలుగవ చట్టం, అంటే 'హార్ట్స్ 4', 2005 జనవరి 1న అమలుకు వచ్చింది. మిగతా మూడింటిని వదిలేసి దీన్నే చూద్దాం.

అంతకు ముందు ఉద్యోగం పోయినవారికి మొదట బీమా భృతి వచ్చేది. వయసు పైబడినవారికి ఇది 32 నెలల దాకా ఉండేది. అది అయిపోయాక కూడా పాత నికర జీతంలో 53 శాతం, పిల్లలుంటే 57 శాతం చొప్పున మరొక భృతి వచ్చేది. ఆస్తి, ఆదాయం కొంత చూసేవారు గాని, దీనికి కాలపరిమితి లేదు. ఎన్నడూ చందా కట్టనివారికి మాత్రం విడిగా పేదల సాయం ఉండేది. హార్ట్స్ 4 ఈ రెండవ భృతిని తీసేసి, పనిచేయగలవారందరినీ పేదల సాయంతో సమానమైన ఒకే మొత్తం కిందికి తెచ్చింది. పడమట నెలకు 345 యూరోలు, తూర్పున 331. ఇంటి అద్దె, చలికాచే ఖర్చు వేరుగా ఇస్తారు. దీంతోపాటు మరొక చట్టంతో 2006 నుంచి బీమా భృతినీ చాలామందికి 12 నెలలకు, 55 దాటినవారికి 18 నెలలకు కుదించారు. 2008లో 58 దాటినవారికి మళ్ళీ 24 నెలలు చేశారు.

పెన్సిలు తీసుకోండి, ఒక లెక్క చేద్దాం. లైప్‌జిగ్ నగరంలో ఒంటరిగా ఉండే ఒక కార్మికుడు అనుకుందాం. పాత నికర జీతం 1,500 యూరోలు. బీమా భృతి కాలం అయిపోయింది. పాత పద్ధతిలో 53 శాతం అంటే 795 యూరోలు, అద్దె అందులోనే కట్టుకోవాలి. కొత్త పద్ధతిలో 331, అద్దె, వేడి ఖర్చు కలిపి 300 అనుకుంటే మొత్తం 631. నెలకు 164 యూరోలు నష్టం. జీతం 2,000 ఉన్నవాడికైతే పాత భృతి 1,060, కొత్తది అదే 631. అతని నష్టం 429. మరి జీతం 1,000 మాత్రమే ఉన్నవాడికి? పాతది 530, కొత్తది 631. ఇతనికి లాభం! (మొదటి రెండేళ్ళు తగ్గుతూ పోయే చిన్న అదనపు భత్యం ఉండేది, 2011లో అదీ తీసేశారు. దాన్ని, ఇతర చిన్న సాయాలను నేను లెక్కలోకి తీసుకోలేదు.)

పేదలను కొట్టిన చట్టమని దీన్ని ఒక్క ముక్కలో అనేస్తారు. లెక్క అలా చెప్పడం లేదు. అందరికంటే ఎక్కువ పోగొట్టుకున్నది ముప్పై ఏళ్ళు నిక్కచ్చిగా పనిచేసి, చందా కట్టి, ఒక మాదిరి జీతానికి ఎదిగిన కార్మికుడు. ఏడాదో ఏడాదిన్నరో పని దొరకకపోతే అతను ఎన్నడూ చందా కట్టని మనిషి పక్కన వరుసలో నిలబడాలి. దాచుకున్న డబ్బెంత, భార్య సంపాదన ఎంత, ఇల్లు ఎన్ని చదరపు మీటర్లు అనే ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి. నా అభిప్రాయంలో తగ్గిన యూరోల కంటే ఆ ప్రశ్నలే ఎక్కువ బాధించాయి. 2004 వేసవిలో మాగ్డెబుర్గ్, లైప్‌జిగ్ వంటి తూర్పు నగరాల్లో జనం సోమవారం సోమవారం వీధుల్లోకి వచ్చారు. 1989లో కమ్యూనిస్టు ప్రభుత్వానికి వ్యతిరేకంగా నడిచినదీ సోమవారాలే. 2005 ఎన్నికల్లో ష్రోడర్ స్వల్ప తేడాతో అధికారం పోగొట్టుకున్నారు, ఏంజెలా మెర్కెల్ వచ్చారు. ఆయన పార్టీ మాజీ అధ్యక్షుడు ఆస్కార్ లాఫోంటేన్ బయటికి వెళ్ళిపోయి, 2007లో ఏర్పడిన వామపక్ష పార్టీకి ఒక నాయకుడయ్యారు.

సంస్కరణ ఫలించిందా? 2005 జనవరిలో నిరుద్యోగులు 50 లక్షలు దాటారు. పోటీ పరీక్షల పిల్లలు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. ఆ పెరుగుదలలో ఒక భాగం లెక్కింపు వల్ల వచ్చినదే. అంతకు ముందు పేదల సాయంలో ఉండి నిరుద్యోగుల జాబితాకు ఎక్కనివారు కొత్త చట్టంతో ఎక్కారు. తరువాత సంఖ్య తగ్గుతూ వచ్చి 2019లో సగటున 23 లక్షల లోపుకు దిగింది. ఇదంతా హార్ట్స్ చలవే అని కొందరంటారు. 2014లో క్రిస్టియన్ డస్ట్‌మన్, మరి ముగ్గురు ఆర్థికవేత్తలు కలిసి రాసిన వ్యాసం ఒప్పుకోదు. 1990ల మధ్య నుంచే కార్మిక సంఘాలు, యజమానులు కంపెనీ స్థాయిలో జీతాలు సర్దుకోవడం అసలు కారణమని వారి వాదన. తక్కువ జీతాల ఉద్యోగాలు పెరిగాయన్నది మాత్రం ఎవరూ కాదనరు. చివరికి 2015 జనవరి 1న గంటకు 8.50 యూరోలతో దేశమంతటికీ కనీస వేతనం తేవలసి వచ్చింది.

ఈ కథలో నాకు అన్నిటికంటే నచ్చినది న్యాయస్థానం పాత్ర. పిల్లల భత్యాన్ని పెద్దల మొత్తంలో ఇంత శాతం అని గుడ్డిగా కట్టేశారు. 14 ఏళ్ళ లోపు వారికైతే 60 శాతం. 2010 ఫిబ్రవరి 9న రాజ్యాంగ న్యాయస్థానం ఈ లెక్క కట్టిన తీరు చెల్లదన్నది. పిల్లలు పొట్టి పెద్దవాళ్ళు కారు, పుస్తకాలు, బడి సామాను వారి అవసరాలు, వాటిని ఎవరూ లెక్కే వేయలేదన్నది తీర్పు సారం. దాని ఆధారం రాజ్యాంగంలోని మొదటి అధికరణం, మానవ గౌరవం. తరువాత 2011లో బడి ఖర్చులు, మధ్యాహ్న భోజనం, విహారయాత్రలు, అదనపు ట్యూషనుకు విడి సాయం వచ్చింది. 2019 నవంబరు 5న అదే న్యాయస్థానం, చెప్పిన పని చేయలేదని భృతిలో 30 శాతానికి మించి కోసే శిక్షలు ఆ రూపంలో చెల్లవని తేల్చింది. 2023 జనవరిలో హార్ట్స్ 4 పేరు పోయి 'పౌర భృతి' వచ్చింది. మొదట నెలకు 502 యూరోలు, 2024 నుంచి 563.

సైన్యం డబ్బు ఎక్కడిది

2009లో జర్మనీ తన రాజ్యాంగంలో ఒక కళ్ళెం రాసుకుంది. కేంద్ర ప్రభుత్వం ఏటా చేసే నిర్మాణాత్మక అప్పు, అంటే మాంద్యం వంటి తాత్కాలిక కారణాలు తీసేశాక మిగిలే అప్పు, జాతీయోత్పత్తిలో 0.35 శాతం మించరాదు. అప్పు చేయరాదు, పన్ను పెంచడం ఎవరికీ ఇష్టం లేదు. కాబట్టి కొత్త ఖర్చు ఏదైనా మరొకరి వాటాలోంచే రావాలి.

2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద దాడికి దిగింది. మూడు రోజులకే, 27న, ఛాన్సలర్ ఒలాఫ్ షోల్జ్ సైన్యానికి 10 వేల కోట్ల యూరోల ప్రత్యేక నిధి ప్రకటించారు. దాన్ని కళ్ళెం బయట ఉంచడానికి రాజ్యాంగాన్నే సవరించారు. 2023 నవంబరు 15న రాజ్యాంగ న్యాయస్థానం మరొక 6 వేల కోట్ల యూరోలను కొట్టివేసింది. కరోనా కోసం అనుమతించిన అప్పును వాతావరణ నిధికి మళ్ళించడం కుదరదన్నది. బడ్జెట్టులో ఆ చిల్లు పూడ్చలేక మూడు పార్టీలూ కీచులాడుకొని, 2024 నవంబరు 6న షోల్జ్ ఆర్థిక మంత్రి లిండ్నర్‌ను తొలగించడంతో ప్రభుత్వం కూలింది. పేపర్లో చదివిన వార్త వెనుక ఉన్నది ఇదే.

2025 మార్చి 18న పార్లమెంటు మళ్ళీ సవరణ చేసింది. జాతీయోత్పత్తిలో 1 శాతం దాటిన రక్షణ వ్యయానికి కళ్ళెం వర్తించదు. రోడ్లు, రైళ్ళు వగైరాలకు 50 వేల కోట్ల యూరోల నిధి అదనం. ఎన్నికలు అప్పటికే అయిపోయాయి, కొత్త సభలో మూడింట రెండు వంతులు దొరకవని పాత సభ చేతనే ఆమోదింపజేశారు. చట్టానికి లోబడినదే గాని, చూడటానికి బాగుండలేదు.

రక్షణకు అప్పు చేయవచ్చు. భృతికి, పింఛనుకు చందాలు, పన్నులే దిక్కు. బీమా చందాలు చాలక కేంద్ర ఖజానా పింఛను బీమాకు ఏటా 10 వేల కోట్ల యూరోలకు పైగా కలుపుతోంది. సైన్యానికి ప్రకటించిన ఆ నిధి అంత మొత్తం ఏటేటా అన్నమాట. 2025 ఆగస్టులో ఛాన్సలర్ ఫ్రీడ్రిష్ మెర్జ్, ఇప్పటి సంక్షేమ వ్యవస్థను దేశపు ఆర్థిక స్థితి ఇక మోయలేదన్నారు. ఆయన మంత్రివర్గంలోనే కార్మిక మంత్రి బేర్బెల్ బాస్ ఆ మాటను ఘాటుగా కొట్టిపారేశారు. అయినా పౌర భృతి షరతులను బిగించడానికి రెండు పక్షాలూ ఒప్పందానికి వచ్చాయి. డిసెంబరులో పింఛను స్థాయిని 2031 దాకా సగటు వేతనంలో 48 శాతం దగ్గర నిలిపే చట్టం నెగ్గింది. దానికి అడ్డుపడబోయినది మెర్జ్ పక్షంలోని యువ సభ్యులే. ఆ ఖర్చు తమ తరం నెత్తిన పడుతుందని వారి బాధ.

ఉక్రెయిన్‌లో యుద్ధం నడుస్తుంటే సైన్యం వద్దనగలమా అంటే, నేనైతే అనలేను. కాని ఒక ఖర్చుకు అప్పు తలుపు తెరిచి, ఇంకొక ఖర్చును మాత్రం చేతిలో ఉన్న డబ్బుతో సరిపెట్టుకోమంటే, పంపకం ముందే జరిగిపోయినట్టు అని నాకు తోస్తుంది. దీనికి ఎదురు వాదం ఉంది. సైన్యం ఖర్చు ఆపదకు పుట్టింది, పింఛను ఖర్చు ఏటా వచ్చేది, ఏటా వచ్చేదాన్ని అప్పుతో నడపరాదు అంటారు. బలమైన వాదమే. సెమినారులో మాట్లాడేవారు రెండు వైపులా సిద్ధం కావాలి.

చేసి చూడండి

1. పైన చెప్పిన లైప్‌జిగ్ లెక్కలోనే నికర జీతం 1,200 యూరోలైతే పాత, కొత్త భృతులు ఎంతెంత? ఎంత జీతం దగ్గర రెండూ సమానమవుతాయి?

2. అదే కార్మికుడికి భార్య ఉండి, ఆమె నెలకు 1,400 యూరోలు సంపాదిస్తుంటే కొత్త చట్టంలో అతనికి ఏమవుతుంది? అతని వైపు నుంచి అయిదు వాక్యాలు, ఆర్థిక మంత్రి వైపు నుంచి అయిదు వాక్యాలు తెలుగులో రాయండి.