రెండు గళ్ళ పుస్తకము

ప్రతి సంవత్సరము జనవరి మొదటి తేదీన ఒక డైరీ కొని, సంక్రాంతి గడవక మునుపే దానిని పాలవాడి లెక్కలకును ఇస్త్రీ పద్దులకును అప్పగించు మహానుభావులు మన దేశమున కొల్లలుగా నున్నారు. వారిలో నేను అగ్రగణ్యుడనని చెప్పుకొనుటకు నాకిప్పుడు సిగ్గు లేదు. ఐదేండ్లు, ఐదు డైరీలు. ఐదింటిలోను మొదటి పుటపై ఒకే వాక్యము: ‘ఈ యేడు బండి మీద శ్రీశైలము పోవలెను.’ గద్వాలలో మా యింటి వసారాయందు ప్లాస్టిక్ పట్టా కప్పుకొని నిలుచున్న మోటారు సైకిలు, నేను ప్రతి ఉదయము బడికి పోవుచు చెప్పులు తొడుగుకొను వేళ, నా వంక చూచి నవ్వుకొనుచున్నట్లు తోచెడిది.

ఆరవ యేట, కార్తిక మాసమున, తెగించి కదలితిమి. వనపర్తిలో ఒక మిత్రుడు, నాగర్‌కర్నూలులో మా బావమరిది, గద్వాలలో నేను. ముగ్గురము, మూడు బండ్లు. దారి రమారమి 230 కిలోమీటర్లు. పొద్దున్నే పోదామని ఫోనులో అనుకొంటిమి, అంతకు మించిన యోచన చేసినవాడు మాలో ఒక్కడును లేడు. ‘పొద్దున్నే’ అను మాటకు నా నిఘంటువులో పదిన్నర గంటలని అర్థముండెనని నాకే తెలియదు. ఎర్రవల్లి చౌరస్తా దాటి, బీచుపల్లి ఆంజనేయస్వామికి దండము పెట్టి, కృష్ణ వంతెన దగ్గర బండి నిలిపి నీళ్ళు చూచుచు అరగంట గడిపితిని. పెబ్బేరులో చాయ్ త్రాగితిని. ఆ చాయ్ బాగుండెనని మరియొకటి త్రాగితిని. వనపర్తి సంస్థానాధీశుల రాజప్రాసాదమే నేడు పాలిటెక్నిక్ కళాశాల. దాని గేటు ముందు గంటన్నర నిలువుకాళ్ళపై వేచియున్న మిత్రుడు, నన్ను చూడగానే తన బండి చైను సడలియున్నదని జ్ఞప్తికి తెచ్చుకొని మెకానిక్కును వెదకబోయెను. నాగర్‌కర్నూలులో బావమరిది యింట జొన్నరొట్టె, పుంటికూర, అటుపై కునుకు. అచ్చంపేట దాకా వచ్చి ఉమామహేశ్వరము చూడకపోవుట మహాపాపమని బావమరిది పట్టుపట్టగా, ఆ కొండయు ఎక్కి దిగితిమి. మన్ననూరు అటవీ చెక్‌పోస్టు ముందర మా మూడు దీపములు వరుసగా నిలిచినప్పుడు, గడియారము తొమ్మిది దాటి ఇరువది నిమిషములు చూపుచుండెను.

“తొమ్మిదికి బంద్ సార్. పొద్దుగాల ఆరు గంటలకు తీస్తం,” అనెను కావలివాడు.

అది అమ్రాబాద్ పులుల అభయారణ్యము, 2,611 చదరపు కిలోమీటర్లు. రాత్రి తొమ్మిది మొదలు ఉదయము ఆరు వరకు ఆ దారి మృగములదే గాని మనుష్యులది గాదు. ఈ సంగతి ఊరూర అందరికిని తెలిసినదే. నేను మాత్రము తెలిసికొనుటకు యత్నింపలేదు. నేను గవర్నమెంటు టీచరునని, ఇరువది యేండ్ల సర్వీసు గలవాడనని చెప్పి చూచితిని. అతడు నన్ను ఎగాదిగా చూచి, “పులికి తెల్వది కద సార్,” అనెను.

ఆ రాత్రి మూసియున్న చాయ్ దుకాణపు బల్లపై దోమలకు నన్ను నేను నైవేద్యముగా సమర్పించుకొని, ముందుగా కావలివానిని, పిమ్మట మిత్రుని చైనును, తదుపరి బావమరిది భక్తిని, కడపట జొన్నరొట్టెలను సైతము నిందించితిని. తెల్లవారుజామున నిందించుటకు ఎవరును మిగులకపోగా, నా వంతు వచ్చెను.

మీరు నవ్వుచున్నారు, నవ్వుడు. కాని మీ యింట అర్ధాంతరముగా ఆగిన పనుల జాబితా తీసినచో నాకంటె మీరే నాలుగాకులు ఎక్కువ చదివిన వారని తేలగలదు. తలంపు గలిగిన మాత్రముననే పని సగమైనదని భ్రమించు సోమరితనము మన రక్తమున జీర్ణించినది. దీనికి తోబుట్టువైన మరియొక భ్రమకు మనస్తత్వ శాస్త్రజ్ఞులు పేరు కూడ పెట్టిరి. కానెమన్, ట్వెర్‌స్కీ అను ఇరువురు పండితులు 1979 ప్రాంతమున దీనిని గూర్చి వ్రాసిరట. ఒక పనికి పట్టు కాలమును మనుష్యుడు సాధారణముగా తక్కువగానే లెక్కించునని, వెనుకటి అనుభవము ఎదుట నిలిచి చేయి ఊపుచున్నను చూడడని వారి సారాంశము. నాకు ఈ సత్యము దోమలు బోధించినవి.

ఇంతకును నాకు దారి చూపినది విదేశ పండితులు కారు, ఏనుగుల వీరాస్వామయ్యగారు. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా నుండిన ఆయన 1830 మే నెలలో కాశికి బయలుదేరి, శ్రీశైలము సేవించి, కృష్ణ దాటి, మా వనపర్తి మీదుగానే హైదరాబాదునకు పోయి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరెను. పల్లకీలు, బోయీలు, పరిజనము, అడవులు, జ్వరములు, వీటన్నిటి నడుమ ఆయన చేసిన పని యొక్కటి గలదు: ఏ మజిలీలో నీళ్ళు దొరకును, ఎచ్చట అంగళ్ళున్నవి, దారి రాతినేలయా యిసుకయా అని నాటిది నాడు వ్రాసి, మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళెకు జాబులుగా పంపుచుండెను. అదియే ‘కాశీయాత్రా చరిత్ర’ యై 1838లో అచ్చయ్యెను. పల్లకీలో కుదుపుల నడుమ పదునైదు నెలలు వ్రాయగలిగిన మనుష్యుడుండగా, రెండు దినముల ప్రయాణమునకు ఒక పుట వ్రాయలేని నేను ఏపాటివాడను?

అంతట కిరాణా కొట్టువారు పద్దులు వ్రాయు పొడుగుపాటి పుస్తకమొకటి కొని, పుటకు నడుమ గీత గీసితిని. ఎడమ గడిలో ‘అనుకున్నది’. కుడి గడిలో ‘అయినది’. ఎడమ గడిని ముందటి రాత్రి పడుకొనక మునుపు నింపవలెను; కుడి గడిని ఆగిన చోటనే, హెల్మెట్టు తీయక మునుపే వ్రాయవలెను. ఇంటికి వచ్చి వ్రాసెదనన్నచో మనస్సు అబద్ధమాడును, నాది ఆడినది. మరుసటి కార్తికమున మేము మరల పోయినప్పటి పుట ఇప్పుడు నా ముందర నున్నది. ఎడమ: ‘గద్వాల 5.00. వనపర్తి 6.15. నాగర్‌కర్నూలు 7.30, టిఫిన్ 20 నిమిషములు. అచ్చంపేట 9.00, ట్యాంకు నిండా పెట్రోలు. మన్ననూరు 9.45.’ కుడి: ‘గద్వాల 5.25, తాళంచెవి. వనపర్తి 6.40. నాగర్‌కర్నూలు టిఫిన్ 55 నిమిషములు, రాజకీయాలు.’ ఊరికిని ఊరికిని మధ్య నేను వేసిన లెక్క రమారమి సరిపోయినది. తప్పినదెల్ల నేను కూర్చున్న చోటనే. నలువది యేండ్లుగా రోడ్లను తిట్టినవాడను, రోడ్లకు క్షమాపణ చెప్పుకొంటిని.

ఈ పుస్తకమును ఇంటి ఖర్చునకు, పిల్లల పరీక్షలకు, ఉత్తరమునకు జవాబు వ్రాయుటకు సైతము వాడి చూచితిని. మొదటి నెల అవమానకరముగా నుండును. రెండవ నెలలో కుడి గడి ఎడమ దానివైపు జరుగును. లేక ఎడమ గడి సిగ్గుపడి నిజము చెప్పనారంభించును. ఇప్పుడు నేను టిఫినుకు 55 అనియే వ్రాసెదను. ఇది ఓటమి యందురా? నా మిత్రునికి చెప్పిన గంటకు నేను చేరుచున్నాను, మీరు చేరుచున్నారా?

తక్కిన హితవులు మీకు తెలిసినవే. హెల్మెట్టు, వానకోటు, గాలి, బ్రేకులు, కాగితముల నకళ్ళు, కొంత చిల్లర. మన్ననూరు దాటిన పిదప సెల్లు చాల చోట్ల పలుకదు. ఇంటికి ముందే చెప్పి పోవలెను. కోతులకు తినుబండారము వేయరాదు. అంతే.

కాని ఘాటు విషయమై ఒక మాట. మన్ననూరు వరకు ఎక్కిన దారి అటుపై అడవి నడుమ చాల దూరము చదునుగా సాగి, దోమలపెంట, ఈగలపెంట దాటిన పిదప కృష్ణ వైపు మెలికలు తిరుగుచు దిగును. (ఈ పేర్లు విని ముక్కు మూసుకొనువారు కలరు, నల్లమలలో పెంట యనగా చెంచుల నివాసము.) రెండవ మారు మేము దిగినప్పుడు నేను బ్రేకు పైననే పాదము మోపి యుంచగా, మూడవ మలుపు కాడ కాలిన వాసన వచ్చెను, పెడలు మెత్తబడి, త్రొక్కిన కొలది లోనికి పోవుచుండెను. వెనుకనుండి బావమరిది, “బావా, రెండో గేరుల వెయ్యి, ఇంజనే పట్టుకుంటది!” అని అరచెను. క్లచ్ వదలగానే ఇంజను గుర్రుమని, ఎవరో వెనుకనుండి చొక్కా పట్టి లాగినట్లు బండి నెమ్మదించెను. దూరమున శ్రీశైలము ఆనకట్ట పన్నెండు గేట్లును మూసి నిలిచియుండెను. ఆ దినపు కుడి గడిలో నేను వ్రాసినది: ‘బ్రేకును కాదు, గేరును నమ్ముము.’ మరుసటి యేటి ఎడమ గడిలో అదే మొదటి పంక్తి.

ఈ చైత్ర పూర్ణిమకు సలేశ్వరము జాతరకు పోవలెనని ఉన్నది. నిన్న రాత్రి ఎడమ గడి నింపి, పుస్తకమును వసారాలో బండి సీటుపై పెట్టి పడుకొంటిని: ‘గద్వాల 4.30.’ ఈ ఉదయము లేచి చూచునప్పటికి కుడి గడి అప్పుడే నిండియున్నది, మా యింటావిడ దస్తూరీ: ‘ఐదున్నర. ఇంక లేవలే.’