బాలానగర్ గోడ దాటిన కెమిస్ట్రీ

మన ఎకనామిక్స్ పుస్తకంలో ‘నాలెడ్జ్ స్పిల్‌ఓవర్’ రెండు లైన్లలో అయిపోతుంది. పరీక్షకు అది చాలు. నాకు మాత్రం బాలానగర్ సంగతి చదివాకే అర్థమైంది.

ఐడీపీఎల్ 1961లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ. సోవియట్ సాయంతో హైదరాబాద్ బాలానగర్‌లో బల్క్ డ్రగ్స్ ప్లాంటు కట్టారు. అక్కడివాళ్లు నేర్చుకున్నది ఫార్ములాలు కాదు, అవి లైబ్రరీలోనూ దొరుకుతాయి. బీకరులో బుద్ధిగా జరిగిన రియాక్షన్ పెద్ద రియాక్టర్‌లో ఎందుకు వేడెక్కిపోతుంది, ఎప్పుడు చల్లబరచాలి, స్ఫటికాలు సరిగా రాకపోతే ఏం చెయ్యాలి... ఇవన్నీ చేస్తూ చేస్తూ పట్టుబడే విద్యలు. మనిషి కదిలితేనే అవీ కదులుతాయి.

కదిలాయి కూడా. ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికొచ్చిన అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. 1970 పేటెంట్ల చట్టం మందులకు తయారీ పద్ధతి మీదే పేటెంట్ ఇచ్చింది. అంటే అదే మందుని వేరే దారిలో చేయగలిగితే చాలు. చట్టం దేశమంతటికీ ఒకటే, కానీ దారి వెతకగల కెమిస్టులు ఇక్కడ గుమిగూడి ఉన్నారు.

ఇక పక్క పరిశ్రమ సంగతి. మందుల కంపెనీలకు రియాక్టర్లు, డ్రయ్యర్లు చేసిపెట్టే ఫాబ్రికేషన్ షాపులు జీడిమెట్లలో ఉన్నాయి. ఒక కెమిస్టు వచ్చి "అడుగున పొడి అంటుకుపోతోందన్నా" అన్నాడనుకోండి. వెల్డరు అడుగు వంపు మారుస్తాడు. తర్వాత వచ్చే కంపెనీకి ఆ మార్పు ఉచితంగా అందుతుంది. ఒకే వృత్తివాళ్లు ఒకచోట ఉంటే మేలని మార్షల్ 1890లోనే రాశాడు. వేర్వేరు వృత్తులు ఎదురుపడ్డప్పుడే కొత్తది పుడుతుందని 1969లో జేన్ జేకబ్స్ వాదించింది. ఈ వెల్డరుని తలుచుకుంటే నా ఓటు ఆవిడకే.

(గోడ దాటింది విద్య ఒక్కటే కాదు. పటాన్‌చెరు నీళ్ల గురించి వేరే వ్యాసమే రాయాలి.)

ఇంతకీ నేర్పిన ఐడీపీఎల్‌కి ఏం మిగిలింది? 1992 నాటికి అది ఖాయిలా పరిశ్రమ. దానికి కారణాలు చాలా ఉన్నాయి గానీ, తను తయారుచేసిన మనుషుల వల్ల ఊరు సంపాదించినదాంట్లో దానికి వాటా రాలేదన్నది నిజం. ప్రైవేటు కంపెనీలు బాండ్లు రాయించుకునేది ఈ భయంతోనే. నేర్పిన ఖర్చు రాబట్టుకోవాలనుకోవడం నాకు తప్పుగా అనిపించదు. మానేశాక కూడా పోటీ కంపెనీలో చేరొద్దనడం వేరు. 1872 కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం అలాంటి షరతు సాధారణంగా చెల్లదు. ప్లేస్‌మెంట్ సీజన్‌లో ప్యాకేజీ అంకె చూసి సంతకం పెట్టేస్తాం కదా, ఆ కాగితాల్లో ఈ రెండు షరతులూ ఒకే పేరాలో కలిసి ఉండొచ్చు. విడదీసి చదవండి.