సౌందర్య శస్త్రచికిత్స: సంతకానికి ముందు సమ్మతి

పావగడ తాలూకాలోని తిరుమణి వంటి గ్రామాల నుండి బెంగళూరుకు వచ్చి స్థిరపడిన కుటుంబాలు అనేకం ఇంట మాట్లాడేది తెలుగే. ఆసుపత్రి ఇచ్చే సమ్మతి పత్రం మాత్రం తరచుగా ఇంగ్లీషులో ఉంటుంది. అర్థం తెలియక చేసిన సంతకం నిజమైన సమ్మతి కాదు.

1995లో ఢిల్లీలో సమీరా కోహ్లీ అనే మహిళ వ్యాధి నిర్ధారణకై లాప్రోస్కోపీ పరీక్షకు అంగీకరించారు. ఆమె మత్తులో ఉండగా తల్లి అనుమతితో గర్భసంచిని, అండాశయాలను తొలగించారు. పరీక్షకు ఇచ్చిన సమ్మతి చికిత్సకు వర్తించదని, ప్రాణాపాయం లేనప్పుడు వయోజనురాలి తరఫున తల్లి అంగీకారం చెల్లదని సుప్రీంకోర్టు 2008 జనవరి 16న తీర్పు చెప్పింది.

ఆ తీర్పు ప్రకారం వైద్యులు రోగికి వివరించవలసినవి:

1. చికిత్స విధానం, ఉద్దేశం, ప్రయోజనం
2. ప్రత్యామ్నాయ మార్గాలు
3. ముఖ్యమైన ప్రమాదాలు
4. చికిత్స వద్దనుకుంటే కలిగే పరిణామాలు

ముక్కు తీరు మార్చడం, కొవ్వు తీయించడం వంటి సౌందర్య చికిత్సలలో నాలుగవ అంశమే కీలకం. వాటిని మానుకున్నంత మాత్రాన సాధారణంగా ఆరోగ్యానికి హాని లేదు; కనుక తొందర అవసరం లేదు. పత్రాన్ని తెలుగులో చదివించుకొని, మత్తు ఎవరు ఇస్తారో, మచ్చలు ఎంతవరకు మిగులుతాయో, అనుకున్న రూపం రాకపోతే తదుపరి ఖర్చు ఎవరిదో అడిగి తెలుసుకోవాలి. బయానా చెల్లించిన తరువాత కూడా చికిత్స వద్దనే హక్కు రోగికి ఉంటుంది. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం, కోరిన 72 గంటలలోగా చికిత్స పత్రాలను రోగికి ఇవ్వాలి.