పునాది గొయ్యి – పక్కింటి గోడ

మీ ఇంటి పక్కన చాలాకాలంగా ఖాళీగా పడివున్న స్థలం ఒకటి ఉన్నదనుకోండి. ఒకరోజు అక్కడ కంపచెట్లు కొట్టివేశారు. తాళ్లు లాగి సున్నంతో గీతలు గీశారు. ఐదంతస్తుల అపార్టుమెంటు కడతారట! బళ్లు నిలుపుకోవడానికి కింద సెల్లారు కూడా తవ్వుతారట! ఆ సాయంత్రమే వీధిలో మాటలు మొదలవుతాయి. "మా గోడ బీటలు వారుతుందేమో" అని ఒకరు, "మా బోరు ఎండిపోతుందేమో" అని ఇంకొకరు, "ఈ దుమ్ముతో మా తాతకు ఆయాసం ఎక్కువవుతుంది" అని మరొకరు. బిల్డరు వచ్చి, "మీకేమీ కాదు, నాది పూచీ" అంటాడు.

హైదరాబాదు, గుంటూరు వంటి నగరాల్లోనే కాదు, కనిగిరి వంటి ఊళ్లలోనూ ఇలాంటి మాటలు వినబడవచ్చు. ఇరుగుపొరుగువారి భయంలో నిజమెంత? బిల్డరు పూచీలో బలమెంత? గొంతు పెంచితే ఇది తేలదు. కొలిస్తే తేలుతుంది. ఎట్లాగో చూద్దాం.

నేలకు హద్దురాయి తెలియదు

మీ ఇంటి గోడ బరువును మోసేది దాని కింద ఉన్న మట్టి మాత్రమేనా? కాదు. పునాది నుంచి ఆ బరువు కిందికి దిగుతున్నకొద్దీ గొడుగులాగా పక్కలకు విస్తరిస్తుంది. అంటే హద్దుకు ఆనుకొని ఉన్న గోడను మోయడంలో పక్కస్థలంలోని మట్టికి కూడా పాలు ఉన్నదన్నమాట. ఆ మట్టిని తవ్వి తీసేస్తే ఏమవుతుంది?

2024 నవంబరు 19 రాత్రి హైదరాబాదులో గచ్చిబౌలి దగ్గర సిద్దిఖ్‌నగర్‌లో ఇదే జరిగింది. చిన్న స్థలంలో ఎత్తుగా కట్టిన ఒక భవనం ఉన్నట్టుండి పక్కకు ఒరిగింది. దాని పక్కస్థలంలో మరో కట్టడానికి పునాది గోతులు తవ్వుతున్నారు. అందులో కాపురమున్నవారు కట్టుబట్టలతో బయటకు పరుగెత్తారు. భవనం ఇక నిలవదని తేల్చి, మరునాడే అధికారులు దాన్ని కూల్చివేయించారు.

గోతి గోడలాగా నిలబడిన మట్టి ఊరుకోదు. గోతిలోకి నెడుతూనే ఉంటుంది. లోతు పెరిగేకొద్దీ మట్టి ఒత్తిడి పెరుగుతుంది. లోతు రెట్టింపైతే సగటు ఒత్తిడి రెట్టింపవుతుంది. ఆ ఒత్తిడి పనిచేసే గోడ వైశాల్యమూ రెట్టింపవుతుంది. కనుక 3 మీటర్ల గోతికంటే 6 మీటర్ల గోతి మీద మట్టి తోపు రెండింతలు కాదు, నాలుగింతలు! దానికితోడు వాన నీరు ఇంకితే మట్టి బరువెక్కుతుంది, పట్టు సడలుతుంది. తవ్విన మట్టిని గోతి అంచునే పోస్తే ఆ బరువు కూడా తోపును పెంచుతుంది.

ఈ ప్రమాదం ఇరుగుపొరుగువారికే కాదు, గోతిలో పనిచేసేవారికి ఇంకా ఎక్కువ. 2016 మే నెలలో గుంటూరు లక్ష్మీపురంలో ఒక వాణిజ్య భవనం సెల్లారు కోసం తవ్విన గోతిలో మట్టి విరిగిపడి ఏడుగురు కూలీలు ప్రాణాలు కోల్పోయారు. అందుచేత లోతైన గోతిని నిట్టనిలువుగా తవ్వకూడదు. స్థలముంటే వాలుగానో, మెట్లు మెట్లుగానో తవ్వాలి. స్థలం లేకపోతే ముందుగా అడ్డుగోడ దించి, దానికి ఊతాలు పెట్టి, ఆ తరువాతే తవ్వాలి.

చేసి చూడండి

లోతైన తొట్టిలో తడిపిన ఇసుక నింపి గట్టిగా అదమండి. దానిమీద ఒక ఇటుకను నిలువుగా నిలబెట్టండి. ఇటుకకు 20 సెంటీమీటర్ల దూరంలో చెంచాతో గొయ్యి తవ్వండి. ఇటుక కదలదు. ఇప్పుడు అంతే లోతు గొయ్యిని ఇటుక పక్కనే తవ్వండి. ఏమైంది? మరోసారి ఇటుక నిలబెట్టి, తవ్వబోయేచోట ముందుగా ఒక అట్టను లోతుగా గుచ్చి, అట్ట అవతలి వైపున తవ్వి చూడండి. అడ్డుగోడ చేసే మేలు మీకే తెలుస్తుంది. (ఈ ప్రయోగం తొట్టిలోనే చేయండి. నిజమైన గోతి అంచుకు ఎప్పుడూ వెళ్లకండి.)

బీటలన్నీ ఒకటి కావు

సరే, పక్కన తవ్వకం మొదలైంది. పది రోజులకు మీ గోడమీద ఒక బీట కనబడింది. తప్పు బిల్డరుదేనా? తొందరపడకండి!

పత్తి, మిరప పండే గుంటూరు, ప్రకాశం మైదానాల్లో నల్లరేగడి నేలలు విస్తారం. ఎండాకాలంలో ఆ నేల నెర్రెలు విచ్చడం మీరు చూసే ఉంటారు. నల్లరేగడిలో మాంట్‌మోరిలోనైట్ అనే బంకమట్టి ఖనిజం ఉంటుంది. దాని కణాలు పలుచని పొరలు పొరలుగా ఉంటాయి. నీరు ఆ పొరల మధ్యకు చేరితే మట్టి ఉబ్బుతుంది, ఆరిపోతే కుంచించుకుపోతుంది. లోతు తక్కువ పునాదుల ఇల్లు ఈ మట్టితోపాటే ఏటా లేస్తూ దిగుతూ ఉంటుంది. కాబట్టి పక్కన ఏ తవ్వకమూ లేకపోయినా గోడలు బీటలు వారవచ్చు. సుమారు మూడున్నర మీటర్ల లోతు దాటితే తేమలో పెద్దగా మార్పుండదు. అందుకే ఇలాంటి నేలల్లో అడుగున ఉల్లిగడ్డలా ఉబ్బిన కాంక్రీటు స్తంభాలను ఆ లోతుకు దించి, వాటిమీద ఇల్లు కడతారు. ఈ పద్ధతిపై రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఎంతో కృషి చేసింది.

మరి పాత బీట ఏదో, కొత్త బీట ఏదో, కదులుతున్న బీట ఏదో తెలుసుకోవడం ఎలా? దీనికి చవకైన ఉపాయం ఒకటి ఉంది. బీటకు అడ్డంగా ఒక పలుచని గాజుపలకను పెట్టి, రెండు చివరలనూ ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో గోడకు అతికించి, పక్కన తేదీ వ్రాస్తారు. గోడ కదిలితే గాజు సాగదు, పగులుతుంది. ఇంకా ఖచ్చితంగా తెలియాలంటే బీటకు అటొక గుర్తు, ఇటొక గుర్తు పెట్టి, వారానికొకసారి వెర్నియర్ కాలిపర్సుతో వాటి మధ్య దూరం కొలవాలి. వానలతో ముడుచుకుని ఎండలతో విచ్చుకునే బీట వేరు. గొయ్యి లోతయ్యేకొద్దీ ఆగకుండా పెరిగే బీట వేరు. రెండోది కనబడితే ఆ రోజే పని ఆపి ఇంజనీరును పిలవాలి.

ఇదంతా తవ్వకానికి ముందే మొదలుకావాలి. అప్పటికి ఉన్న బీటలన్నిటినీ ఇంటివారూ బిల్డరూ కలిసి చూసి, ఫోటోలు తీసి, కాగితంమీద ఇద్దరూ సంతకాలు చేస్తే తరువాత తగవుకు చోటుండదు. ఆ కాగితం ఇంటివారికి ఎంత రక్షణో, బిల్డరుకూ అంతే రక్షణ.

బోరులో నీటిమట్టం

కనిగిరి ప్రాంతంలో నేల అడుగున గట్టి రాయి ఉంది. అలాంటి చోట నీరు పైనున్న మెత్తని పొరలోనూ, రాతి పగుళ్లలోనూ మాత్రమే ఉంటుంది. రెండు బోర్లు ఒకే పగులులోని నీటిని తోడితే, ఒకటి నడిచేటప్పుడు రెండోదానిలో మట్టం తగ్గుతుంది. వేర్వేరు పగుళ్లయితే తేడా కనబడకపోవచ్చు. కనుక కొత్త మోటారు ఆడించకముందు ఒకసారి, ఆడించినప్పుడు ఒకసారి పాత బోరులో మట్టం కొలిచి చూడాలి. కొత్త బోరు తవ్వే ముందు 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి.

ఈ ప్రాంతపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి మీకు తెలుసు. తాగేనీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము లోపే ఉండాలి. వేరే నీరు దొరకని చోట 1.5 మిల్లీగ్రాముల వరకు మాత్రమే అనుమతిస్తారు. అంతకు మించిన నీటిని ఏళ్లతరబడి తాగితే పళ్లు, ఎముకలు చెడతాయి. వాననీటిలో ఈ బాధ లేదు. 300 చదరపు మీటర్ల డాబామీద 1 సెంటీమీటరు వాన కురిస్తే 3,000 లీటర్ల నీరు! దాన్ని మురుగుకాలువలోకి వదలకుండా ఇంకుడుగుంతలోకి పంపితే అపార్టుమెంటు వీధికి కొంత బాకీ తీర్చినట్లే.

దుమ్ము, మోత

మిల్లీమీటరులో పదోవంతు ఉన్న ఇసుక రేణువు 10 మీటర్ల ఎత్తునుంచి అరనిమిషం లోపే నేలకు చేరుతుంది. మిల్లీమీటరులో నూరోవంతు ఉన్న ధూళికణానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది. ఈలోగా పిల్లగాలి కూడా దాన్ని కిలోమీటరు దూరం మోసుకుపోగలదు. ఊపిరితిత్తుల దాకా చేరేది ఇలాంటి సన్నధూళే. పరంజాకు వల కట్టడం, రాయి కోసేచోట నీళ్లు చిలకడం, ఇసుక గుట్టలకు పట్టా కప్పడం అందుకే.

ఇక మోత. ఆరుబయట దూరం రెట్టింపైతే మోత సుమారు 6 డెసిబెళ్లు తగ్గుతుంది. 5 మీటర్ల దూరంలో 85 డెసిబెళ్లున్న యంత్రం 40 మీటర్లలో కూడా 67 దగ్గర ఉంటుంది. నివాస ప్రాంతాల్లో ధ్వనిస్థాయి పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు దాటరాదన్నది నిబంధన. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు అక్కడ మోత చేసే నిర్మాణ యంత్రాలను నడపకూడదు.

పూచీ అంటే ఏమిటి?

"మీకేమీ కాదు" అన్నమాట పూచీ కాదు. మట్టి పరీక్ష ఫలితం, గోతికి పెట్టబోయే ఊతాల పటం, బీటల జాబితా, పని వేళలు, ఏదైనా జరిగితే పిలవవలసిన ఇంజనీరు పేరు – ఇవి చేతికిస్తే అది పూచీ. అలాగే "మా ఇల్లు కూలిపోతుంది" అన్నమాట ఫిర్యాదు కాదు. తేదీ వేసి, కొలత చూపితే అది ఫిర్యాదు. అలాంటి ఫిర్యాదును బిల్డరుగానీ, మున్సిపాలిటీవారుగానీ సులభంగా తోసివేయలేరు.

ఆలోచించండి

1. గోతి లోతు 2 మీటర్ల నుంచి 6 మీటర్లకు పెరిగితే మట్టి తోపు ఎన్ని రెట్లవుతుంది?
2. మీ డాబా వైశాల్యం కొలవండి. 2 సెంటీమీటర్ల వానకు దానిమీద ఎన్ని లీటర్ల నీరు పడుతుంది?
3. మీ ఇంటి గోడమీద ఉన్న ఒక బీటకు అటూఇటూ పెన్సిలుతో గుర్తులు పెట్టి, ఏడాదిపాటు నెలకొకసారి కొలిచి పట్టిక వేయండి. మీ ఇల్లు ఏ నేలమీద ఉన్నదో ఆ పట్టిక మీకు చెబుతుంది.