పురిటింట పిక్కవాపు: విదేశం చేరిన కుటుంబాలకు

హైదరాబాద్ పరిధిలోని నాగారం, నాచారం, ఉప్పల్ ప్రాంతాల నుంచి విదేశాల్లోని కూతురికో కోడలికో పురుడు పోయడానికి బయలుదేరే పెద్దలు, శంషాబాద్ విమానాశ్రయం చేరింది మొదలు, దుబాయ్‌లోనో దోహాలోనో విమానం మారి అమెరికాలో దిగేదాకా, ఒక పగలూ రాత్రీ దాదాపు కూర్చునే గడుపుతారు. నడకలో పిక్క కండరాలు బిగిసి సడలుతూ సిరల్లోని రక్తాన్ని గుండెవైపు నెడతాయి. ఆ కదలిక గంటల తరబడి ఆగితే కాలి లోపలి సిరల్లో రక్తం నిలిచి గడ్డకట్టవచ్చు. దీన్ని డీప్ వీన్ త్రాంబోసిస్, క్లుప్తంగా డీవీటీ అంటారు. ఆ గడ్డలోని ముక్క విడివడి ఊపిరితిత్తుల రక్తనాళానికి అడ్డుపడితే పల్మనరీ ఎంబాలిజం అనే ప్రాణాంతక స్థితి ఏర్పడుతుంది.

4 గంటలు మించిన ప్రయాణం, విమానంలోనైనా బస్సులోనైనా, ఈ ముప్పును దాదాపు రెట్టింపు చేస్తుందనీ, అయినా ఆరోగ్యవంతుల్లో అది సుమారు 6,000 మందిలో ఒకరికే ఎదురవుతుందనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించింది. ఇటీవల మోకీలు మార్పిడి చేయించుకున్నవారికి, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారికి, గతంలో సిరల్లో రక్తం గడ్డకట్టినవారికి మాత్రం ఈ ఊరట వర్తించదు. అటువంటివారు టికెట్టు కొనకముందే వైద్యుణ్ణి సంప్రదించాలి.

పెద్దల గురించి ఇంత ఆలోచించే కుటుంబాలు తరచూ మరిచేది బాలింతను. కాన్పులో అధిక రక్తస్రావం కాకుండా గర్భిణి శరీరం రక్తం గడ్డకట్టే శక్తిని సహజంగానే పెంచుకుంటుంది; ఆ మార్పు ప్రసవానంతరం కూడా కొన్ని వారాలు నిలుస్తుంది గనుక, మొదటి 6 వారాలు, ముఖ్యంగా సిజేరియన్ తరువాత, ముప్పు ఎక్కువ. కాబట్టి బాలింతను మంచం దిగనివ్వని ఆచారాన్ని సడలించి, వైద్యులు అనుమతించిన నాటి నుంచే ఇంట్లో నెమ్మదిగా నడిపించడం అవసరం.

డీవీటీ వస్తే సాధారణంగా ఒకే కాలికి వాపు, పిక్కలో నొప్పి, వేడి, ఎరుపు కనిపిస్తాయి. ప్రయాణం ముగిసిన కొన్ని వారాలకైనా ఇవి రావచ్చు గనుక బడలికగా తీసిపారేయరాదు. తెలుగిళ్లలో వెంటనే తోచే నూనె మర్దనా ఇక్కడ తగదు, గడ్డ కదిలే ప్రమాదముంది. అదే రోజు వైద్యుణ్ణి చూడాలి. బ్రిటన్‌లోనైతే 111కు ఫోన్ చేయవచ్చు. ఆయాసం, ఛాతీనొప్పి, దగ్గులో రక్తం, స్పృహ తప్పడం కనిపిస్తే అమెరికాలో 911, బ్రిటన్‌లో 999, ఆస్ట్రేలియాలో 000కు తక్షణం ఫోన్ చేయాలి. విమానం దిగిన తేదీ, కాన్పు తేదీ, వాడుతున్న మందులు ముందుగానే చెబితే సిరల్లో రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కాన్ అవసరాన్ని వైద్యులు త్వరగా గుర్తిస్తారు. ఇంగ్లీషు రాని పెద్దలు తెలుగు దుబాసీని అడగడానికి సంకోచించనక్కర లేదు. బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లోనూ, ఫెడరల్ నిధులు పొందే అమెరికా ఆసుపత్రుల్లోనూ ఆ సేవ ఉచితం.

చికిత్సలో రక్తం గడ్డకట్టకుండా చేసే మందులు సాధారణంగా కనీసం 3 నెలలు వాడాలి. పాలిచ్చే తల్లికి వాటిలో కొన్ని సరిపడవు కనుక ఆ సంగతి వైద్యుడికి తెలపాలి. వార్ఫరిన్ వాడేవారు పాలకూర, మునగాకు వంటి ఆకుకూరలను పూర్తిగా మానక్కర లేదు గానీ, వాటిలోని కె విటమిన్ మందు ప్రభావాన్ని తగ్గిస్తుంది గనుక ఒక వారం అతిగా, మరో వారం అసలే లేకుండా తినరాదు. తిరుగు ప్రయాణపు తేదీని చికిత్స చేసే వైద్యుడితో చర్చించి ఖరారు చేసుకుని, వార్ఫరిన్ వాడేవారైతే రక్తం గడ్డకట్టే సమయాన్ని కొలిచే పీటీ ఐఎన్ఆర్ పరీక్షల కాగితాలను హైదరాబాద్‌లోని వైద్యుడికి చూపేందుకు చేతిసంచిలో ఉంచుకోవాలి.